శిక్షణ అయ్యాక క్లాసులో ఏమీ మారడం లేదా? తోటి ఉపాధ్యాయులను నడిపించేవారికి సమస్య - పరిష్కారం

తోటి ఉపాధ్యాయుల శిక్షణ బాధ్యత మీకు అప్పగించారు. మీరు వాళ్లకు పై అధికారి కారు, నిన్నటిదాకా పక్క క్లాసులో పాఠం చెప్పినవారే. పని సాగకపోతే స్టాఫ్ రూములో ముందుగా వినిపించే మాట "వీళ్లకు ఆసక్తి లేదు". నేను ఈ మాటను ఒప్పుకోను. ఎక్కువసార్లు లోపం మనం చేసిన ఏర్పాటులోనే ఉంటుంది, దాన్ని వెతికి సరిచేయవచ్చు.

వీలైనంతవరకు ఒకే ఉదాహరణ మీద నడుస్తాను: ప్రశ్న అడిగాక పిల్లలకు ఆలోచించే సమయం ఇవ్వడం. అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో క్లాసుల రికార్డింగులు విని, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. అదే 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, అంతవరకు మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు.

సమస్య: వర్క్‌షాప్ అందరికీ నచ్చింది, క్లాసులో మాత్రం పాత పద్ధతే

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

కారణం: విన్నారు, చేసి చూడలేదు. విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లో ఉపాధ్యాయ శిక్షణలో ఉండాల్సిన అయిదు అంశాలు చెప్పారు: విషయం వివరించడం, చేసి చూపించడం, చేయించడం, ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం, క్లాసులో తోడుండి నేర్పించడం. మన వర్క్‌షాపుల్లో మొదటి రెండు నిండుగా ఉంటాయి. మూడోదానికి వచ్చేసరికి టీ టైమ్ అవుతుంది. అయిదోదాని ఊసే ఉండదు.

3 సెకన్లు ఆగమని చెప్పడానికి నిమిషం చాలు. కానీ నలభై మంది పిల్లల ముందు ఆ నిశ్శబ్దం చాలా పెద్దదిగా అనిపిస్తుంది. జవాబు మనమే చెప్పేస్తాం, లేదా ఎప్పుడూ చెయ్యెత్తే పిల్లనే లేపుతాం. ఇది తెలియక జరిగేది కాదు, ఏళ్ల తరబడి పడిన అలవాటు. అలవాటు మారాలంటే అది బయటపడే చోటే సాధన జరగాలి.

ఏం చేయాలి: విషయాన్ని సగానికి, కుదిరితే పావు వంతుకు తగ్గించండి. ఒక విడతకు ఒకే మార్పు చాలు. రేపటి పాఠంలో అడగబోయే రెండు ప్రశ్నలను ప్రతి ఒక్కరూ అక్కడే రాసుకోవాలి. జంటలుగా కూర్చుని ఒకరు అడగాలి, ఇంకొకరు విద్యార్థిలా వినాలి. పెద్దవాళ్లకు మొదట ఇది సిగ్గుగా ఉంటుంది. అందుకే మీరే ముందు చేసి చూపించండి. సెషన్ ముగిసేలోపు ఎవరు, ఏ రోజు, ఏ పీరియడులో ప్రయత్నిస్తారో, ఎవరు వచ్చి చూస్తారో రాసి పెట్టుకోవాలి. ఆ మొదటి ప్రయత్నం వారం లోపే జరగాలి. ఆలస్యమైతే సిలబస్ ఒత్తిడిలో అది కొట్టుకుపోతుంది.

సమస్య: క్లాసు చూడ్డానికి వెళ్తే అందరికీ టెన్షన్, ఆ రోజు పాఠం నాటకంలా నడుస్తుంది

కారణం: మీరు నేర్పడానికి వచ్చారో, మార్కులు వేయడానికి వచ్చారో వాళ్లకు తెలియదు. ఒకే వ్యక్తి, ఒకే ఫారం, ఒకే నోట్‌బుక్ రెండు పనులకూ వాడితే ఎవరైనా తమ బలహీనతను దాచుకుంటారు. బృందాల పనితీరును పరిశోధించే ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ఒక తయారీ సంస్థలోని బృందాల మీద చేసిన అధ్యయనంలో, తప్పు ఒప్పుకున్నా, సాయం అడిగినా పరువు పోదన్న నమ్మకం ఉన్న చోటే నేర్చుకునే ప్రవర్తన ఎక్కువగా కనిపించింది. స్టాఫ్ రూముకూ ఇది వర్తిస్తుందనే నా నమ్మకం.

ఏం చేయాలి: ముందుగా ప్రిన్సిపాల్‌తో స్పష్టంగా మాట్లాడండి. మీరు రాసే నోట్స్ ఆ ఉపాధ్యాయుడి దగ్గరే ఉండాలి, పనితీరు నివేదికలోకి వెళ్లకూడదు. ఈ మాటను ప్రిన్సిపాల్ నోటి నుంచే అందరికీ చెప్పించండి. ఆ హామీ దొరకకపోతే క్లాసు పరిశీలన మొదలుపెట్టకండి. ఒక్కసారి నమ్మకం పోతే తిరిగి సంపాదించడం చాలా కష్టం.

తర్వాత మీ క్లాసు తలుపు మీరే ముందు తెరవండి. బాగా వచ్చిన పాఠానికి కాకుండా, మీకు ఇబ్బందిగా ఉన్న పాఠానికి పిలవండి. మీరు వాళ్ల క్లాసుకు వెళ్లేటప్పుడు "నేను దేన్ని గమనించమంటారు?" అని అడిగి, దాన్నే గమనించండి.

జపాన్‌లో చాలాకాలంగా నడుస్తున్న పాఠ అధ్యయన పద్ధతి ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని తయారుచేస్తారు. ఒకరు బోధిస్తారు, మిగతావాళ్లు పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో గమనిస్తారు. పాఠం అందరిదీ కాబట్టి చర్చ పాఠం మీదే ఉంటుంది, చెప్పినవాళ్ల మీదకు పోదు.

సమస్య: ఫీడ్‌బ్యాక్ ఇస్తే తలూపుతారు, అంతే

కారణం: ఎక్కువ చెప్పాం, పైగా అస్పష్టంగా చెప్పాం. "పిల్లల్ని ఇంకా ఇన్వాల్వ్ చేయాలి మేడమ్" అంటే రేపు ఉదయం ఆమె ఏం చేయాలి?

ఏం చేయాలి: చూసింది చెప్పండి, అభిప్రాయాన్ని కాసేపు ఆపండి. సంభాషణ ఇలా సాగవచ్చు:

"మేడమ్, ఈ పీరియడులో మీరు వేసిన ప్రశ్నలన్నీ రాసుకున్నాను. జవాబులు చెప్పినవాళ్ల పేర్లు కూడా పక్కనే ఉన్నాయి. ఒకసారి చూస్తారా?"

"అయ్యో, ఈ నలుగురే ఉన్నారేంటి సార్?"

"మీకేమనిపిస్తోంది?"

"మిగతావాళ్లు ఆలోచించేలోపే వీళ్లు చెప్పేస్తున్నారు."

ఆమె గుర్తించాక మీరు చెప్పాల్సింది కొంచెమే: ప్రశ్న అడిగి, మనసులో మూడు లెక్కపెట్టి, ఆ తర్వాతే పేరు పిలవడం. అక్కడే రేపటి ప్రశ్న ఒకటి తీసుకుని ఒకసారి చేయించండి. రెండో సలహా మీ నోటి చివర ఉన్నా దాన్ని వచ్చే వారానికి ఉంచండి.

సమస్య: "ఇలాంటివి ఎన్ని చూశాం" అనే సీనియర్

ముందు ఒక మాట. ఆయన చెప్పేది నిజమై ఉండొచ్చు. ఏటా ఒక కొత్త పథకం వచ్చి, మరుసటి ఏడు ఎవరూ దాని పేరెత్తకపోతే, అనుభవం ఉన్న ఏ మనిషైనా అలాగే అంటాడు. ఆయన్ని మొండివాడి కింద జమకట్టడం అన్యాయం.

విద్యా పరిశోధకుడు థామస్ గస్కీ 1986లో చేసిన వాదన ఇక్కడ పనికొస్తుంది: ఉపాధ్యాయుల నమ్మకాలు శిక్షణతో మారవు, కొత్త పద్ధతి వల్ల తమ విద్యార్థులు బాగుపడటం కళ్లతో చూశాక మారతాయి. అంటే వాదించి ఒప్పించే ప్రయత్నం మానేయాలి. "సార్, మీ క్లాసులో మిమ్మల్ని బాగా చికాకు పెడుతున్నది ఏమిటి?" అని అడగండి. దానికి పనికొచ్చే చిన్న ప్రయోగాన్ని రెండు వారాలకు మాత్రమే పెట్టుకోండి. ముందు, తర్వాత పిల్లల నోట్‌బుక్‌లు పక్కపక్కన పెట్టి కలిసి చూడండి. ఫలితం కనిపించకపోతే ఆ మాట నిజాయితీగా ఒప్పుకోండి. పనికిరానిదాన్ని వదిలేస్తారన్న పేరు వస్తే తర్వాతి ప్రయత్నానికి ఆయన దగ్గరే తలుపు తెరిచి ఉంటుంది.

సమస్య: "టైమ్ లేదు"

నమ్మండి, నిజంగానే లేదు. కొత్త పని పెట్టేముందు ఏదో ఒకటి తీసేయాలి. స్టాఫ్ మీటింగులో చదివే ప్రకటనలను మెసేజ్‌గా పంపి, ఆ సమయాన్ని సాధనకు వాడండి. జంటగా పనిచేసేవారికి వారంలో ఒక ఖాళీ పీరియడు ఒకేసారి వచ్చేలా టైమ్‌టేబుల్ వేయించండి. విద్యాసంవత్సరం మధ్యలో ఇది కుదరదు, టైమ్‌టేబుల్ తయారయ్యేటప్పుడే అడగాలి.

సమస్య: నలుగురితో చక్కగా నడిచింది, అందరికీ పెట్టగానే పలచబడింది

విద్యా పరిశోధకుడు మాథ్యూ క్రాఫ్ట్ బృందం 2018లో 60 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఇదే తేలింది. క్లాసులో తోడుండి నేర్పించే కోచింగ్ వల్ల బోధన మెరుగైంది, విద్యార్థుల ఫలితాలు కూడా కొంత మెరుగయ్యాయి. కానీ పెద్ద సంఖ్యలో ఉపాధ్యాయులతో నడిపిన కార్యక్రమాల్లో ఆ ప్రభావం బాగా తగ్గింది.

మీ దగ్గరా కారణం తేలికగానే దొరుకుతుంది. మొదటి నలుగురికి మీరు దొరికారు, తర్వాతి ముప్పై మందికి మీ ఫారం మాత్రమే దొరికింది. కాబట్టి ఒకేసారి విస్తరించవద్దు. మొదటి నలుగురిలో ఇద్దరిని కోచ్‌లుగా తయారుచేయండి, వాళ్లు ఫీడ్‌బ్యాక్ ఇస్తుంటే మీరు పక్కన కూర్చోండి. వాళ్ల పీరియడ్లు తగ్గించకుండా ఈ బాధ్యత మాత్రం అప్పగించకండి.

మీరు పరిష్కరించకూడని సమస్య

కొన్నిసార్లు సాయం ఎంత చేసినా కదలిక ఉండదు. ఆ మనిషి బాగా అలసిపోయి ఉండవచ్చు, ఇంట్లో ఏదో కష్టం ఉండవచ్చు, మోయలేనన్ని క్లాసులు నెత్తిన ఉండవచ్చు. వీటికి శిక్షణ మందు కాదు. ఆయన ఒప్పుకుంటే పని భారం గురించి ప్రిన్సిపాల్‌తో మీరే మాట్లాడండి, కోచింగ్ కొన్నాళ్లు ఆపండి. పిల్లల్ని కొట్టడం, అవమానించడం లాంటివి మీ కంటపడితే మాత్రం దాన్ని ఫీడ్‌బ్యాక్ సంభాషణలో సర్దేయకండి. వెంటనే బాధ్యులకు చెప్పండి. ఇలాంటి విషయాల్లో గోప్యత ఉండదని పరిశీలనలు మొదలుపెట్టే రోజే అందరికీ చెప్పి ఉంచండి.