ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి?

నల్లగొండ గడియారం సెంటర్‌లోనో, పాలమూరు బస్టాండు ముందో బోర్డులు చదివితే ఎస్ కనబడిన ప్రతిచోటా ముందు ఓ అపాస్ట్రఫీ (') గుర్తు తగిలించి ఉంటుంది. చెవికి అన్నీ ఒకేలా వినిపించడం వల్ల వచ్చే తిప్పలిది. కాబట్టి చెవిని వదిలేసి, ఆ మాటను తెలుగులో అనుకోండి.

1. ‘అమ్మాయిలు’ అని వస్తే గుర్తు వద్దు. ‘అమ్మాయి సైకిల్’ అయితే ఎస్‌కు ముందు: గర్ల్'స్. ‘అమ్మాయిల హాస్టల్’ అయితే ఎస్ తర్వాత: గర్ల్స్'. అంటే ‘లు’కు ఏమీ లేదు, ‘ల’కు చివరన. హాస్టల్ బోర్డు మీద గుర్తు అసలే పెట్టకపోయినా చెల్లుతుంది. ఎస్‌కు ముందు పెడితేనే అది ఒక్క అమ్మాయి ఉండే హాస్టల్ అవుతుంది!

టిఫిన్లు, ఏటీఎంలు, ఎమ్మెల్యేలు అన్నీ ‘లు’ కిందికే వస్తాయి. 1990ల దశకానికీ అంకె పక్కన ఎస్ చాలు. శుభలేఖలో ‘రెడ్డీస్’ అంటే ఆ ఇంటివాళ్లంతా అని, గుర్తు పెట్టొద్దు.

2. మెన్, విమెన్, చిల్డ్రన్ ఎస్ లేకుండానే బహువచనాలు. ‘పిల్లల’ అని వచ్చినా ఇక్కడ ఎస్‌కు ముందే పెట్టాలి: చిల్డ్రన్'స్ డే. సెప్టెంబర్ 5 మాత్రం టీచర్లందరిదీ కాబట్టి టీచర్స్' డే.

3. లీవ్ లెటర్‌లో ఒక రోజైతే డే'స్ లీవ్, రెండు రోజులైతే డేస్' లీవ్. శ్రీనివాస్ లాంటి పేర్లకు గుర్తు, ఎస్ రెండూ చేర్చినా, గుర్తు ఒక్కటే పెట్టినా ఒప్పే. ఒకే కాగితంలో రెండు రకాలూ కలపకండి.

4. కుదించిన మాటల్లో అక్షరం ఎగిరిపోయిన చోటే గుర్తు. ‘డూ నాట్’లో పోయింది నాట్‌లోని ఓ. అందుకే డోంట్‌లో ఎన్‌కూ టికీ మధ్య పెట్టాలి. చాలామంది డి, ఓ రాయగానే పెట్టేస్తారు, అది తప్పు.

5. అందరూ బోల్తా పడేది ‘ఇట్స్’ దగ్గర. దాన్ని ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హాజ్’ అని విడదీసి చదవండి. వాక్యం కుదిరితే గుర్తు ఉంటుంది. ‘దాని తోక’, ‘దాని ధర’ అనే అర్థంలో ఉండదు. హిజ్, హర్స్, అవర్స్, యువర్స్‌కు లేనట్టే దీనికీ లేదు. ‘హూజ్’ కూడా ఇంతే: ‘ఎవరిది’ అంటే గుర్తు లేని స్పెల్లింగ్ వేరే ఉంది, ‘హూ ఈజ్’ లేదా ‘హూ హాజ్’ అయితేనే గుర్తు.