తాబేలు తొట్టికి ఎంత ఫిల్టర్ కావాలి?

ఫిల్టర్ డబ్బా మీద రాసే లీటర్ల లెక్క చేపల తొట్టికి. తాబేలు వదిలే మలినం అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి, తొట్టిలో నిజంగా ఉన్న నీటికి రెండు మూడు రెట్ల సామర్థ్యం చూసుకోండి. 150 లీటర్ల నీళ్లుంటే 300 నుంచి 450 లీటర్లకు సరిపోయేది కావాలి.

పెద్ద తాబేలుకైతే తొట్టి బయట పెట్టే, మూత బిగించిన డబ్బాలాంటి కానిస్టర్ ఫిల్టరే మేలు. అంచుకు తగిలించే రకం నీటిమట్టం తక్కువగా ఉంటే నీటిని సరిగా లాగలేదు. తాబేలు తొట్టి నిండా నీళ్లు ఎవరు పోస్తారు?

కానిస్టర్‌లో నీరు ముందు ముతక స్పాంజి, తర్వాత సన్న స్పాంజి, చివర సిరామిక్ రింగులు దాటాలి. వరస తారుమారైతే రింగుల రంధ్రాలు బురదతో పూడిపోతాయి. మలినం నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది వాటిలోనే, కొంత స్పాంజిలోనూ ఉంటుంది. అది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ధార సన్నబడితే ప్లగ్ తీసేసి, స్పాంజిని తొట్టిలోంచి బకెట్‌లోకి తీసిన నీళ్లలోనే పిండండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది, కొద్ది రోజుల్లో నీళ్లు మళ్లీ కంపు కొట్టొచ్చు. ఇలాంటి ఫిల్టర్ ఎంత మంచిదైనా నైట్రేట్‌ను తీయదు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాల్సిందే.