మైన్‌క్రాఫ్ట్ అప్‌డేట్ తర్వాత వరల్డ్ పాడైందా? ముందు ఆ ఒక్క వరుస చదవండి

ఇది కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్ సంగతి. మోడ్లు (గేమ్‌కు బయటివాళ్లు రాసిన అదనపు భాగాలు) వేయడం, ఫోల్డర్లు వెతకడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: గేమ్ మొదలవుతూనే మూసుకుపోతోంది.
కొత్త వెర్షన్‌కు ఫ్యాబ్రిక్ (మోడ్లను నడిపించే సాధనం) వేసుకున్నారు, మోడ్స్ ఫోల్డర్‌లో మాత్రం పాత ఫైళ్లే ఉన్నాయి. వాటిని బయటికి తీసి, ఆ వెర్షన్‌కు వచ్చినవే పెట్టండి. 1.20.1 మోడ్ 1.21లో నడుస్తుందని ఆశపడకండి.

సమస్య: అప్‌డేట్‌లో వచ్చినవేవీ కనిపించడం లేదు.
మీరు ఇప్పటికే తిరిగిన నేలను గేమ్ మళ్లీ తయారుచేయదు. 1.21.4లో వచ్చిన పేల్ గార్డెన్ అనే పాలిపోయిన అడవి కావాలంటే ఇంతవరకు అడుగుపెట్టని దిక్కుకు నడవాల్సిందే. ఇందులో చెడిపోయిందేమీ లేదు.

సమస్య: మోడ్ దిమ్మెలన్నీ (బ్లాక్‌లు) మాయం, పెట్టెలు ఖాళీ.
చాలామంది ఇక్కడే మోడ్ రాసినవాళ్లను తిడతారు. నేనూ తిట్టాను. తప్పు నాదే.

లాంచర్‌లో (గేమ్‌ను తెరిచే ప్రోగ్రామ్) పాత వెర్షన్‌కు వేరే ఇన్‌స్టలేషన్ పెట్టుకున్నాం కాబట్టి వరల్డ్ భద్రమని అనుకుంటాం. కానీ ఇన్‌స్టలేషన్లు ఎన్ని ఉన్నా, మీరు మార్చకపోతే అన్నీ డాట్ మైన్‌క్రాఫ్ట్ అనే ఒకే ఫోల్డర్‌ను వాడుకుంటాయి. వరల్డ్‌లు ఉండే సేవ్స్ ఒకటే, మోడ్స్ ఒకటే. ఒక రాత్రి నిద్రమత్తులో ‘లేటెస్ట్ రిలీజ్’ మీదే ప్లే నొక్కాను. జాబితాలో నా వరల్డ్ ఎప్పటిలాగే కనిపించింది, తెరిచాను. ఆ ఇన్‌స్టలేషన్‌లో ఫ్యాబ్రిక్ లేదు, మోడ్లు నడవవు కాబట్టి తనకు తెలియని దిమ్మెల చోట గేమ్ గాలి నింపింది, అలాగే సేవ్ చేసింది. వెర్షన్ పైకి మారుతున్నప్పుడు నన్ను ఒక్క మాట అడగలేదు. పాతదానిలో మళ్లీ తెరవబోతే మాత్రం హెచ్చరిక వచ్చింది. అప్పటికి నా గోదాము గోడలే మిగిలాయి.

కాబట్టి జాబితాలో వరల్డ్‌ను తెరిచేముందు దాని పేరు కింద ఉన్న చిన్న వరుస చదవండి. చివరిసారి ఏ వెర్షన్‌లో ఆడారో అక్కడే ఉంటుంది. అది మీరు ఇప్పుడు తెరిచిన వెర్షన్‌తో కలవకపోతే ఆగండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడరు!

ఇప్పటికే తెరిచేసి ఉంటే వెంటనే బయటికి రండి. మీ చుట్టుపక్కల లోడైన భాగాలే మారి ఉంటాయి, తిరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. ఆ వరల్డ్‌ను పాత వెర్షన్‌లోకి బలవంతంగా దించకండి. బ్యాకప్స్ ఫోల్డర్‌లోని జిప్ ఫైలును సేవ్స్‌లోకి విప్పుకోండి. జిప్ లేకపోతే పోయిన దిమ్మెలు తిరిగి రావు.

ఇకముందు ఇలా జరగకుండా: ఇన్‌స్టలేషన్స్‌లో మీ వెర్షన్‌ను ‘ఎడిట్’ చేసి, గేమ్ డైరెక్టరీ దగ్గర వేరే ఖాళీ ఫోల్డర్ చూపించండి. వరల్డ్‌ను, మోడ్లను అందులోకి మార్చండి. అప్పుడు లేటెస్ట్ రిలీజ్‌కు మీ వరల్డ్ కనిపించనే కనిపించదు. వెర్షన్ మార్చాలని నిజంగా నిర్ణయించుకున్న రోజు, జాబితాలో వరల్డ్‌ను ఎంచుకుని ‘ఎడిట్’లో ‘మేక్ బ్యాకప్’ నొక్కండి. ముందు ఆ నకలును కొత్త వెర్షన్‌లో తెరిచి, పెట్టెలూ పొలాలూ చూసుకోండి.

సొంత సర్వర్ లేవకపోతే కంప్యూటర్‌లో వేసుకున్న జావా ప్రోగ్రామ్ వెర్షన్ చూడండి: 1.20.5 నుంచి జావా 21, 26.1 నుంచి జావా 25 కావాలి. డిస్క్ పాడవడం, కరెంటు పోయి ఫైలు చెడడం లాంటివీ ఉన్నాయి గానీ, అప్‌డేట్ రోజే జరిగితే వాటి జోలికి వెళ్లక్కర్లేదు.