యాంజియోగ్రామ్ తర్వాత కట్టు తడవకపోయినా జాగ్రత్త

గజ్జలోంచి గానీ మణికట్టు నుంచి గానీ ధమనిలోకి గొట్టం పంపిన తర్వాత అందరి కళ్ళూ కట్టు మీదే ఉంటాయి. కట్టు పొడిగా ఉంటే గండం గడిచిందనుకుంటారు. అరుదుగా వచ్చే, ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం అసలు కట్టు దాకా రాకపోవచ్చు.

గజ్జలో సూది ఉండాల్సిన చోటికన్నా పైన పడితే, అక్కడ ధమనిని అదిమి పట్టడానికి వెనక ఎముక ఆసరా ఉండదు. కారిన రక్తం కడుపు వెనక, వెన్ను పక్కనున్న చోటుకు చేరుతుంది. చాలా రక్తం పోయినా పైకి కమిలిన మచ్చ కూడా కనిపించకపోవచ్చు. గంటలకొద్దీ వెల్లకిలా పడుకుంటే నడుం నొప్పి ఎవరికైనా వస్తుంది కాబట్టి ఈ రక్తస్రావం వల్ల వచ్చే నొప్పినీ ఆ లెక్కలోనే వేస్తారు. సూది గుచ్చిన వైపు నడుంలోనో పొత్తికడుపులోనో నొప్పి పెరుగుతూ పోతున్నా, దానికి చెమటలు, కళ్ళు తిరగడం, బీపీ తగ్గడం తోడైనా వెంటనే నర్సును పిలవండి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో రక్తం పోతున్నా నాడి వేగం పెరగకపోవచ్చు. తొలి గంటల్లో హిమోగ్లోబిన్ కూడా మామూలుగానే రావచ్చు, అందుకే ఒక్క రిపోర్టుతో ఊరుకోకూడదు. అనుమానం తేల్చేది సీటీ స్కాన్.

వార్ఫరిన్, అపిక్సబాన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతున్నా, కిడ్నీ జబ్బున్నా, ఇంతకుముందు రక్తస్రావం అయినా పరీక్షకు ముందే చెప్పాలి. పెద్ద వయసువారికి, స్త్రీలకు, బరువు తక్కువున్నవారికి ముప్పు కొంచెం ఎక్కువ.

గజ్జలో గుచ్చితే డాక్టరు చెప్పినన్ని గంటలు కాలు చాపే ఉంచాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా అక్కడ చేత్తో అదిమి పట్టుకోవాలి. వారం దాకా 4–5 కిలోలు మించి ఎత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు, విరేచనానికి ముక్కొద్దు.

ఇంటికొచ్చాక గజ్జ నుంచి రక్తం కారితే పడుకోబెట్టి వేళ్ళతో గట్టిగా నొక్కండి. సూది ఏటవాలుగా దిగుతుంది, ధమనికి పడ్డ రంధ్రం చర్మం మీది గాయానికి 1–2 సెంటీమీటర్ల పైన, పొట్ట వైపు ఉంటుంది. నొక్కాల్సింది అక్కడ. కనీసం 10 నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా. తువ్వాళ్ళు దొంతరగా పెడితే రక్తం వాటి కింద దాక్కుంటుంది, ఒత్తిడీ సరైన చోట పడదు. చిమ్ముతున్నా, ఆగకపోయినా నొక్కుతూనే అంబులెన్స్ పిలిపించండి.

కొన్ని రోజుల తర్వాత గజ్జలో కొట్టుకునే ఉబ్బు కనిపిస్తే మర్దన చేయకండి. ధమని గోడ పూర్తిగా మూసుకోక పక్కన రక్తపు సంచి కట్టి ఉండొచ్చు. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ తీయించాలి. 2 సెంటీమీటర్లలోపువి చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి, పెద్దవాటికి రక్తం గడ్డకట్టించే త్రాంబిన్ ఇంజెక్షన్ ఇస్తారు.

మణికట్టు దారి గజ్జకన్నా క్షేమమే. కానీ గొట్టానికి దారి చూపే తీగ ధమని చిన్న కొమ్మను చీల్చితే మణికట్టుకు కట్టిన బ్యాండుకు దూరంగా, ముంజేతిలో రక్తం చేరుతుంది. చెయ్యి రాయిలా బిగుసుకుని, వేళ్ళు చాపితే భరించలేని నొప్పి, తిమ్మిరి ఉంటే తెల్లారేదాకా ఆగకండి. నాడి అందుతోంది కదా అని కూడా ఆగొద్దు, అది పోయేది చివర్లో. ఆలస్యమైతే కండరాలు, నరాలు చచ్చుబడతాయి.

స్టెంట్ (ధమని మూసుకుపోకుండా లోపల పెట్టే జాలీ గొట్టం) వేసి ఉంటే, కమిలిన మచ్చ చూసి భయపడి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు మాత్రం సొంతంగా మానేయకండి. స్టెంట్‌లో గడ్డ కడితే గుండెపోటు వస్తుంది. ఏ మాత్ర ఆపాలో, ఎన్నాళ్ళు ఆపాలో స్టెంట్ వేసిన డాక్టరునే అడగండి.