తోటలోని సాలీళ్లను దగ్గరగా ఫొటో తీయడానికి ఇంట్లో చేసుకునే వెలుగు సామగ్రి

హైదరాబాదులో వానాకాలం ముగిసి దసరా, దీపావళి దగ్గరపడే రోజుల్లో కాలనీ పార్కుల కంచె మొక్కల నడుమ, మిద్దెతోటల కుండీల నడుమ సిగ్నేచర్ సాలీళ్లు బాగా ఎదిగి కనిపిస్తాయి. ఆర్జియోపి ప్రజాతికి చెందిన ఈ సాలీళ్లు గుండ్రటి గూడు మధ్యలో తెల్లటి పట్టుతో వంకర గీతలు అల్లి, కాళ్లను రెండేసిగా జతచేసి, తల కిందికి పెట్టి గంటల తరబడి కదలకుండా ఉంటాయి. దగ్గరి ఫొటోలు నేర్చుకునేవారికి ఇంతకంటె అనుకూలమైన జీవి మన తోటల్లో లేదని నా అభిప్రాయం.

ఆడ సాలీడు శరీరం సుమారు ఒక సెంటీమీటరే ఉంటుంది. అంత చిన్న జీవిని సెన్సరు (కెమెరాలో బొమ్మను నమోదుచేసే పలక) మీద దాని అసలు పరిమాణంలో పట్టాలంటే లెన్సు సెన్సరుకు దూరంగా జరగాలి. అప్పుడు వెలుగు పలచబడి, మీరు అపర్చరును, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11 దగ్గర పెట్టినా ఎఫ్/22 పెట్టినంత వెలుగే, అంటే నాలుగో వంతే, సెన్సరుకు చేరుతుంది. స్పష్టంగా కనిపించే లోతు ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక అపర్చరును ఇంకా తెరవడానికి వీలుండదు. చిరుగాలికే గూడు ఊగుతుంది కనుక షట్టరు వేగాన్ని తగ్గించడానికీ వీలుండదు. ఫ్లాష్ తప్పనిసరి అవుతుంది. అయితే సాలీడు ఒళ్లు నునుపుగా మెరుస్తుంది కాబట్టి, చిన్న ఫ్లాష్ తల నుంచి నేరుగా పడిన వెలుగు దాని మీద తెల్లటి చుక్కగా నిలిచి, రంగునూ నూగునూ మింగేస్తుంది. సాలీడు ఉన్నచోటి నుంచి చూసినప్పుడు వెలుగు వచ్చే ముఖం ఎంత పెద్దగా కనిపిస్తే నీడల అంచులు అంత మెత్తబడతాయి. ముఖాన్ని పెద్దది చేయడం, దగ్గరికి తేవడం, ఈ రెండింటి కోసమే ఈ పరికరం.

కావలసినవి ఒక గట్టి అట్టపెట్టె, వంటింటి అల్యూమినియం ఫాయిల్, బటర్ పేపరు, కొత్త టీవీకో అద్దానికో చుట్టి వచ్చే పలుచని తెల్ల ఫోమ్ షీటు, నల్ల ఇన్సులేషన్ టేపు. ఫ్లాష్ లేనివారు కోఠిలోని కెమెరా దుకాణాల్లో, శక్తిని చేత్తో తగ్గించుకోగల సాదా ఫ్లాష్ చూపించమని అడగవచ్చు. అట్టను నాలుగు పలకలుగా కోసి, ఒక చివర ఫ్లాష్ తలకు బిగుతుగా పట్టేటట్లు, రెండో చివర సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేటట్లు గరాటులా అతికించాలి. ఫాయిలును కాస్త నలిపి, మళ్లీ సాపుచేసి లోపలి గోడలకు అంటిస్తే వెలుగు ఒకేచోట కుప్పపడకుండా నలుదిక్కులకూ చిమ్ముతుంది. గరాటు లెన్సు కొనను కొద్దిగా దాటేంత పొడవుండి, దాని నోరు సాలీడు వైపు కిందికి వంగి ఉండాలి. గరాటు మధ్యలో బటర్ పేపరును, నోటికి ఫోమ్ షీటును బిగించండి. ఈ రెండు పొరల మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదలడం అన్నింటికంటె ముఖ్యం, ఎందుకంటే మొదటి పొర పరిచిన వెలుగు రెండో పొర అంతటా సమంగా పడడానికి ఆ దూరం కావాలి. రెండింటినీ కలిపి అంటిస్తే వెలుగు తగ్గుతుందే తప్ప పెద్దగా మెత్తబడదు. లెన్సు కింద అరచేయంత తెల్ల అట్టను రబ్బరు బ్యాండుతో కడితే కడుపు కింది నీడ కూడా తేలికపడుతుంది. పాత ఫ్లాష్‌ను విప్పి లోపలి భాగాలు వాడుకునే ప్రయత్నం మాత్రం చేయవద్దు. అందులోని కెపాసిటరు ఆపివేసిన తరువాత కూడా సుమారు 300 వోల్టుల విద్యుత్తును నిలుపుకొని ఉండగలదు.

తోటలోకి వెళ్లేముందు ఒక స్టీలు చెంచా వీపును ఫొటో తీసి చూడండి. చెంచాలో మీ డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే ఈ గరాటు) ఎలా ప్రతిఫలిస్తుందో సాలీడు కళ్లలోనూ ఒంటి మీదా అలాగే ప్రతిఫలిస్తుంది. తెల్లదనం అంచుల దాకా సమంగా ఉంటే పని పూర్తయినట్లే; మధ్యలో ఒక చోటే మండిపోతున్నట్లు కనిపిస్తే, లోపలి పొర నడుమ చిన్న బటర్ పేపరు ముక్కను అదనంగా అంటించి మళ్లీ పరీక్షించండి. ఈ పరీక్షకు ఎంత సమయం వెచ్చించినా వృథా కాదు.

కెమెరాను మాన్యువల్‌లో ఉంచి 1/200 సెకను, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ శక్తి 1/16 తో మొదలుపెట్టండి. శక్తి తగ్గినకొద్దీ ఫ్లాష్ వెలిగే కాలం కూడా తగ్గి, సెకనును కొన్ని వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి చేరుతుంది. గూడు ఊగినా బొమ్మ చెదరకపోవడానికి కారణం షట్టరు కాదు, ఆ క్షణికమైన వెలుగే. సిగ్నేచర్ సాలీడు ముందు భాగాన్ని వెండిరంగు నూగు కప్పి ఉంటుంది, మొదట తెల్లబారిపోయేది అదే కనుక దాన్ని చూసి శక్తిని సరిచేసుకోవాలి. వెనుక అంతా నల్లగా వస్తుంటే, గూటికి తగలకుండా ఒక పచ్చటి ఆకును వెనుక కొద్ది దూరంలో పట్టుకోమని ఎవరినైనా కోరండి.

ఫోకస్ రింగును ఒకచోట నిలిపి, మోచేతులను ఒంటికి ఆనించి, శరీరాన్నే మెల్లగా ముందుకూ వెనక్కూ జరుపుతూ కళ్లు స్పష్టమైన క్షణంలో మీట నొక్కాలి. కెమెరా వెనుక తలం సాలీడు వీపుకు సమాంతరంగా ఉంటే ఆ ఒక్క మిల్లీమీటరు లోతులోనే శరీరంలో ఎక్కువ భాగం ఇముడుతుంది. గూళ్లు అల్లే సాలీళ్లకు చూపు తక్కువ, కానీ దారాల అదురును, కాళ్ల మీది సన్నటి వెంట్రుకలతో గాలి కదలికను వెంటనే పసిగడతాయి. కాబట్టి గూడు కట్టిన కొమ్మను తాకవద్దు, దాని మీదికి ఊపిరి వదలవద్దు. సాలీడు గూటిని గబగబా ఊపడం మొదలుపెడితే వెనక్కి తగ్గి, అది కుదుటపడేదాకా ఆగండి. కదలకుండా ఉంటుందని సాలీడును ఫ్రిజ్‌లో పెట్టేవారున్నారు. ఒక ఫొటో కోసం ఒక ప్రాణిని అలా బాధించడం తగని పని.

ఒకే వెలుగు అన్నింటికీ నప్పదు. గూటి దారాలు మెరవాలంటే ఫ్లాష్‌ను కెమెరా నుంచి తీసి, తీగతోనో, తీగ లేకుండానే ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గరుతోనో కలిపి, గూటికి కాస్త వెనుక పక్క నుంచి వెలిగించాలి. వేప మాను మీద బెరడులో కలిసిపోయి ఉండే హెర్సిలియా సాలీడుకు, ఎదుటి నుంచి వచ్చే మెత్తటి వెలుగు దాని మరుగునే బలపరుస్తుంది; అక్కడ పక్క వెలుగు వేసి నీడ పడనిస్తేనే దాని ఆకారమూ, వెనుక తోకల్లా ఉండే రెండు పొడవాటి దారపు గొట్టాలూ తెలుస్తాయి.

మొబైలుకు క్లిప్ లెన్సు వాడేవారు తెల్లటి పెరుగు డబ్బా అడుగు కోసి లెన్సు చుట్టూ అమర్చి, 5 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీని డబ్బా బయట చుట్టి పవర్ బ్యాంకుతో వెలిగించవచ్చు. గోడ మీదా ఆకు మీదా తిరిగే గెంతే సాలీళ్లకు ఇది చక్కగా పనికొస్తుంది, గూళ్లకు మాత్రం డబ్బా తగులుతుంది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక దానితో వెలిగే కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమని ఫొటోలో చారలు తెస్తాయి. మసకబార్చే స్విచ్చు లేకుండా పవర్ బ్యాంకుతో నేరుగా వెలిగించిన పట్టీకి ఆ దోషం ఉండదు.