పంది ముట్టె పెట్టిన చోటు: షెడ్డు సమస్యలు, కారణాలు, మరమ్మతులు

తెల్లవారుజామున తవుడు బకెట్టు పట్టుకుని వెళ్లేసరికి గది ఖాళీగా కనిపిస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పందులు పెంచేవాళ్లకి చెప్పక్కర్లేదు. విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు షెడ్డు పక్కనే ఎవరిదో ఒక కూరగాయల మడో, పూలతోటో ఉంటుంది. ఒక్క రాత్రిలో పక్కాయన బంతితోట తవ్విపెడితే డబ్బు కట్టి ఊరుకుంటే సరిపోదు. రేపు మళ్లీ ఆయన గట్టు మీద నుంచే నడవాలి.

నేను షెడ్డు వేసి తొమ్మిదేళ్లయింది. మొదట్లో ఏది విరిగితే అదే బాగు చేయించేవాణ్ణి. నెల తిరక్కుండా మళ్లీ విరిగేది. పంది బయటికి పోయిన చోటు ఒకటి, దానికి ఆ దారి దొరకడానికి కారణం ఇంకొకటి అని అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. అందుకే ఇప్పుడు మేస్త్రిని పిలిచే ముందు నేనే గదిలోకి దిగి, పంది ఎత్తులో గొంతుక్కూర్చుని చుట్టూ చూస్తాను. రోజూ ముట్టె రాసే చోట సిమెంటు నున్నగా, నూనె పట్టినట్టు మెరుస్తుంది. ఇనుము మీదైతే పెయింటు పోయి లోహం తెల్లగా తేలుతుంది. ఆ గుర్తులు పట్టుకుంటే సగం పని అయినట్టే.

గడియ వేసే ఉంది, గేటు మాత్రం పడిపోయింది

నాకు మొట్టమొదట ఎదురైంది ఇదే. గడియ వేసినట్టే ఉంది, తాళం కూడా ఉంది. గేటు మాత్రం బందుల వైపు నుంచి ఊడి, తాళానికి వేలాడుతూ పక్కకి వాలి ఉంది. ఎవరో దొంగలు వచ్చారనుకున్నాను. గేటు అడుగు కమ్మీ చూస్తే మధ్యలో ఒక జానెడు మేర పెయింటు లేదు.

పంది గేటును తోసేకంటే ముందు ఎత్తి చూస్తుంది. నేల తవ్వడానికి పుట్టిన జంతువు కదా, దాని మెడ బలమంతా కిందనుంచి పైకే. మన వెల్డింగ్ షాపుల్లో ఇళ్ల గేట్లకి చేసినట్టే దీనికీ చేస్తారు. రెండు పిన్నులూ పైకి చూస్తూ ఉంటాయి, గేటు వాటి మీద కూర్చుంటుంది. ముట్టె అడుగున దూర్చి ఒక్కసారి లేపితే రెండూ ఊడి వచ్చేస్తాయి.

మరమ్మతు చిన్నదే. కింది పిన్ను అలాగే ఉంచి, పై పిన్నును కోయించి తలకిందులుగా, అంటే మొన నేల వైపు ఉండేలా వెల్డింగ్ చేయించండి. ఇక గేటును ఎంత లేపినా ఊడదు. కోయించడం కుదరకపోతే కింది పిన్ను పైకొసకి వాషర్ పెట్టి వెల్డ్ చేయించినా పని జరుగుతుంది. గేటు అడుగుకి, గచ్చుకి మధ్య సందు రెండు అంగుళాలు దాటకూడదు. ముట్టె దూరకపోతే ఎత్తడం అనే ఆలోచనే దానికి రాదు.

గడియ దానంతటదే జారిపోతుంటే కారణం వేరు. పంది ఒళ్లు రుద్దుకుంటే గేటు అదురుతుంది, ఆ అదురుకి అడ్డగడియ కొద్దికొద్దిగా వెనక్కి నడుస్తుంది. గడియ తోకను కిందికి దించితే కొక్కెంలో పడే రకం పెట్టించండి. పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. గేటు లోపలికి తెరుచుకునేలా ఉంటే పంది ఎంత ఒరిగినా చట్రానికే బిగుసుకుంటుంది. కాకపోతే లోపల పేడ పేరుకుంటే తెరుచుకోదు, రోజూ ఊడ్చాల్సిందే. ఆ కష్టం పడడానికే నేను ఇష్టపడతాను.

కంచె కింద గొయ్యి

బయట తిరగడానికి వదిలే మట్టి దొడ్డిలో ఒకే చోట మళ్లీ మళ్లీ తవ్వుతున్నాయంటే ఆ చోట తేమ ఉన్నట్టు. చూస్తే నీళ్ల తొట్టి కారుతుంటుంది, లేదా రేకుల మీది వాన నీళ్లు అక్కడే పడుతుంటాయి. మెత్తటి నేల, అందులో వానపాములు. ఆ గొయ్యి పూడ్చి రాయి పెడితే రాయి పక్కన తవ్వుతాయి. ముందు లీకు ఆపండి. తర్వాత కంచె వెంబడి, పందులుండే వైపు, అడుగున్నర వెడల్పు వెల్డ్ మెష్ నేల మీద పరిచి, దాని అంచు కంచెకి కట్టి, పైన గ్రావెల్ వేసి దిమ్మిసతో కొట్టించండి. తవ్వబోతే ముట్టెకి ఊచలు తగులుతాయి, మానేస్తాయి. పాత చేపల వలలు చవకగా దొరుకుతాయని కొందరు అవి కడతారు. అవి పంది పళ్లకి, కాళ్లకి చుట్టుకుంటాయి. వద్దు.

కంచె గుంజలు రెండున్నర అడుగులు నేలలో ఉండాలి. అడ్డకమ్మీలు గుంజలకి లోపలి వైపున కట్టాలి. చాలామంది అందంగా ఉంటుందని బయటి వైపు కడతారు. అప్పుడు పంది ఒరిగిన బరువంతా మేకుల మీద, బైండింగ్ వైరు మీద పడి ఊడిపోతుంది. లోపలి వైపు ఉంటే ఆ బరువును గుంజ మోస్తుంది.

కరెంటు తీగ గురించి ఒక్క మాట. మెయిన్ లైను నుంచి తీగకి నేరుగా కరెంటు ఇవ్వడం నేరం, మనిషి ప్రాణం తీసే పని. సెకనుకోసారి చిన్న షాక్ మాత్రమే పంపే ఫెన్సింగ్ యంత్రం ఉంటేనే ఆ ఆలోచన చేయండి, లేకపోతే వదిలేయండి.

గచ్చు లేచిపోతోంది

షెడ్డులో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది, పందులు ఎక్కువగా చెడగొట్టేది గచ్చే. ఒకచోట రూపాయి బిళ్లంత పెచ్చు లేస్తే చాలు, పంది అక్కడే రోజంతా కాలక్షేపం చేస్తుంది. మా షెడ్డులో ఒక ఆడపంది నిలబడి చేసిన పని చూశాను. పెచ్చు అంచున ముట్టె ఆనించి, కుడికి ఎడమకి ఆడించి, ఒక కంకర రాయి ఊడగానే దాన్ని నోట్లో వేసుకుని కటకటలాడించి ఉమ్మేసింది. మళ్లీ మొదలు. వారానికి అక్కడ తట్ట పట్టేంత గొయ్యి.

బాగు చేయించే ముందు కర్రతో గచ్చంతా తట్టుకుంటూ రండి. డొల్ల చప్పుడు వస్తే కింద మట్టి దిగిపోయింది. అది పోసిన మట్టి, సరిగా దిమ్మిస కొట్టలేదు. పైపైన ప్లాస్టరింగ్ చేసి లాభం లేదు, ఆ మేర పగలగొట్టి, నాలుగైదు అంగుళాలు కంకర మెటల్ వేసి, తడిపి, గట్టిగా కొట్టి మళ్లీ పోయాల్సిందే.

చప్పుడు గట్టిగానే ఉండి, పైపొర పొడిపొడిగా రాలుతూ కంకర తేలుతుంటే మాలు బలహీనం. మేత తొట్టి చుట్టూ ఇది ఎక్కువ. పులిసిన కుడితి, మూత్రం కలిసి సిమెంటును తినేస్తాయి. ఒక పాలు సిమెంటుకి ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర, మందం నాలుగు అంగుళాలు, ఇది తగ్గనివ్వకండి. నీళ్లు ఎక్కువ పోసి జారుగా కలిపితే మేస్త్రికి సులువు, మనకి ఏడాది తిరక్కుండా మరమ్మతు. పోసిన తర్వాత పది రోజులు గోనెసంచులు కప్పి తడపాలి. నా మొదటి గచ్చుకి మూడో రోజే పందుల్ని వదిలాను. ఆ గదిని పూర్తిగా పగలగొట్టి రెండోసారి వేయించాల్సి వచ్చింది.

మూడో రకం, గోడ, గచ్చు కలిసే మూలలో చీలిక. అక్కడ ముట్టెకి పట్టు దొరుకుతుంది. గోడ చుట్టూ మూలను గుండ్రంగా సిమెంటుతో నింపించండి. ఫ్లై యాష్ ఇటుక గోడైతే లోపలి వైపు మూడడుగుల ఎత్తు దాకా ప్లాస్టరింగ్ తప్పనిసరి. లేకపోతే ఇటుకల మధ్య సిమెంటును గీరి గీరి తీసేస్తాయి.

పెచ్చు లేచిన చోటు పూడ్చేటప్పుడు పల్చగా పూయకండి. ఉలితో నాలుగు వైపులా నిలువుగా, కనీసం మూడు అంగుళాల లోతు కొట్టి, కడిగి, నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు పాలు పోసి, అప్పుడు కాంక్రీటు నింపాలి.

వాలు పది అడుగులకి మూడు అంగుళాలు. అంతకన్నా తగ్గితే నీళ్లు నిలుస్తాయి, పెరిగితే కడుపుతో ఉన్న పందులు జారతాయి. గచ్చు పూర్తిగా బిగుసుకోకముందే కొబ్బరి పుల్లల చీపురు ఒకసారి మీద నుంచి లాగండి. ఆ సన్నటి గీతలు కాలికి పట్టునిస్తాయి, గిట్టల్ని కోయవు. కాలవలో నీళ్లు అస్సలు నిలవనివ్వకండి. మెదడువాపు వైరస్ పందుల ఒంట్లో పెరిగి, నిలవ నీళ్ల దోమల ద్వారా మనుషులకి చేరుతుంది. పిల్లలున్న ఇంటికి షెడ్డు దూరంగా ఉండాలని చెప్పేది ఇందుకే.

పైపు అడుగు తుప్పు, పైన రేకు

సముద్రం ఇరవై కిలోమీటర్లలో ఉంటే ఇనుము బాధ తప్పదు. పైపు పైన బాగానే కనిపిస్తుంది, కాలితో తన్నితే గచ్చు దగ్గర విరుగుతుంది. ఉప్పుగాలికి మూత్రం తోడై, కాంక్రీటు మొదట్లో తడి ఆరదు. పాడైన ముక్క కోయించి కొత్తది అతికాక, చుట్టూ మూడు అంగుళాల ఎత్తున కాంక్రీటు దిమ్మ, పైభాగం నీళ్లు జారేలా వాలుగా కట్టించండి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే చాలదు, మీద ఎపాక్సీ పెయింటు రెండు కోట్లు వేయాలి. ఇసుక కొనేటప్పుడు నాలుకకి తగిలించి చూడండి. ఉప్పగా ఉంటే ఆ లోడు వెనక్కి పంపేయండి.

రేకులు గాలికి లేస్తుంటే బోల్టులు బిగించి ఊరుకోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు ఇక్కడ చాలా షెడ్లకి రేకు, దాన్ని పట్టిన పర్లిన్ (రేకు కింది అడ్డకమ్మీ) కలిసే ఎగిరిపోయాయి. రేకు పర్లిన్‌కి, పర్లిన్ స్తంభానికి, స్తంభం పునాదికి వరుసగా బిగిసి ఉండాలి. కొస కొక్కెంలా వంగి ఉండే జె బోల్టులు రేకు అంచుల్లో దగ్గర దగ్గరగా వేయించండి. చూరు రెండడుగులు మించి బయటికి వస్తే దానికి కింద నుంచి ఊతం ఇవ్వాలి.

అన్నీ గట్టిగానే ఉన్నాయి, అయినా గోడల మీద పడుతున్నాయి

ఇలాంటప్పుడు గోడను వదిలేసి పందిని చూడండి. దానికి చెమట పట్టదు. మన ఏప్రిల్, మే ఉక్కలో రేకు కింద నిలబడితే మనకే ఊపిరాడదు. పడుకునే చోట పేడ వేసి, పేడ వేసే చోట పడుకుంటున్నాయంటే వేడి భరించలేక తడి వెతుక్కుంటున్నాయని అర్థం. రేకు మీద సున్నం వేయండి, పైన తాటాకు పరవండి. మధ్యాహ్నం మూడు నాలుగుసార్లు నీళ్లు చిలకరించండి. కానీ గాలి ఆడకపోతే ఆ తడి మన దగ్గర ఆరదు, ఉక్క ఇంకా పెరుగుతుంది. అందుకే గోడ మూడడుగులే కట్టి, మీద రెండడుగులు పైపులు పెట్టడం మేలు. భద్రత అని ఐదడుగుల గోడ నిండుగా కట్టినవాళ్ల షెడ్లలోనే నేను ఎక్కువ విరగడాలు చూశాను. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ వస్తుంది.

నీళ్లు కూడా పరీక్షించండి. పందులు నోటితో నొక్కి తాగే కుళాయి, అంటే నిప్పుల్ కింద లీటరు సీసా పెట్టి నొక్కితే నిమిషంలో నిండాలి. నిండకపోతే అవి దాహంతోనే గొడవ చేస్తున్నాయి. నిప్పుల్‌ను గదిలో పల్లపు మూలలో పెడితే పేడ కూడా ఆ మూలకే పరిమితమవుతుంది.

కిక్కిరిసినా ఇదే గోల. మాంసానికి పెంచే పంది ఒక్కొక్కదానికి కప్పు కింద 10 నుంచి 13 చదరపు అడుగులు, బయట మళ్లీ అంతే చోటు ఉండాలి. ఈనే పందికి కప్పు కింద 75 నుంచి 95 చదరపు అడుగులు కావాలి.

పిల్లలు నలిగిపోతున్నాయి, సందుల్లోంచి జారుతున్నాయి

తల్లి గోడకి ఆనుకుని జారుతూ పడుకుంటుంది. గోడకీ దానికీ మధ్య ఉన్న పిల్లకి పోయే దారి ఉండదు. గోడ నుంచి ఎనిమిది పది అంగుళాలు ఎడంగా, నేల నుంచి కూడా అంతే ఎత్తులో చుట్టూ ఒక పైపు వేయించండి. పిల్ల దాని వెనక బతుకుతుంది. పిల్లలకి మొదటి రోజుల్లో 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఒక మూల బల్బు పెడితే తల్లి దగ్గర కాకుండా అక్కడ పడుకుంటాయి. ఆ గదిలో ఊచల మధ్య సందు రెండు అంగుళాలు మించకూడదు.

బయటి నుంచి వచ్చేవి

బయటి నుంచి వచ్చేవాటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేవి ఊరి మీద తిరిగే పందులు. రాత్రి వచ్చి కంచె అవతల నిలబడి ముట్టె ముట్టె రాసుకుంటే చాలు, జబ్బు అంటుకుంటుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జ్వరం మన దేశంలో 2020లో అస్సాం వైపు బయటపడింది. మనుషులకి సోకదు, పందుల్లో మాత్రం మందు లేదు, దొడ్డి దొడ్డంతా తుడిచిపెట్టేస్తుంది. మామూలు స్వైన్ ఫీవర్‌కి టీకా ఉంది, తప్పకుండా వేయించండి. కంచెకి బయట ఏడెనిమిది అడుగుల దూరంలో రెండో కంచె ఒకటి ఉంటే ముట్టెలు కలవవు, కుక్కలూ దగ్గరికి రావు. హోటళ్ల మిగులు తెచ్చేవాళ్లు అందులో మాంసం ముక్కలు లేకుండా చూసుకుని, తప్పకుండా ఉడికించి పెట్టండి. గేటు దగ్గర నాలుగు శాతం చాకలి సోడా కలిపిన నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచాకే ఎవరినైనా లోపలికి రానివ్వండి. ఆ నీళ్లు బురదగా మారితే పని చేయవు, రోజూ మార్చాలి. కొత్తగా కొన్న పందిని నెల రోజులు వేరే గదిలో, వేరే బకెట్టుతో ఉంచండి. ఉన్నట్టుండి రెండు మూడు పందులు జ్వరంతో మేత మానేసి, చెవులు, పొట్ట ఎర్రబడితే ఏదీ అమ్మకుండా, ఎక్కడికీ కదల్చకుండా ఆ రోజే పశువైద్యుడికి కబురు పెట్టండి.