ఉప్పునీటి అక్వేరియం – 4వ పాఠం: చేప ఎందుకు చనిపోయింది?

చెన్నై కొళత్తూరు చేపల మార్కెట్ నుంచి తెచ్చిన చేప చనిపోతే వెంటనే మందు సీసా అందుకోకండి. ఎప్పుడు పోయింది, ఇంకేవి పోయాయి, ఏవి బతికాయి: ముందు ఈ మూడూ రాసుకోండి.

ట్యాంకులోకి దింపిన 24 గంటల్లోపే పోతే చాలావరకు జబ్బు కాదు. సంచిలో అమోనియా పేరుకుంటుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి ఉంటుంది కనుక అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అదే అమోనియా విషమవుతుంది. అందుకే విప్పిన సంచిలో గంటల తరబడి చుక్కలుగా నీళ్లు వదలొద్దు. షాపులో ఉప్పు సాంద్రత అడగండి, 1.019 అంటే విడి ట్యాంకులో అదే సాంద్రతతో నీళ్లు సిద్ధం చేసుకోండి. కట్టిన సంచిని 20 నిమిషాలు తేలనిచ్చి, చేపను మాత్రమే దింపండి. తర్వాత రోజుకు 0.002 చొప్పున 1.025కు పెంచండి.

తెల్లవారుజామున, అందులోనూ పెద్ద చేపలు ముందుగా పోతే ఆక్సిజన్‌ను అనుమానించండి. చెన్నై ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీలు దాటడం తేలిక, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ. రాత్రి కరెంటు పోయి పంపు ఆగితే ఇక చెప్పక్కర్లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు కొనాల్సిందే.

రొయ్యలు, నత్తలు పోయి చేపలు బాగుంటే కాపర్ (పరాన్నజీవుల మందుల్లో వాడే రాగి) కలిసిందేమో, సాంద్రత ఒక్కసారిగా మారిందేమో చూడండి. చేపలు ఒక్కొక్కటే పోతూ రొయ్యలు హాయిగా తిరుగుతుంటే అది పరాన్నజీవి పనే కావచ్చు. లైట్లు ఆపి పక్కనుంచి టార్చి వేయండి. ఉప్పు రవ్వల్లా లెక్కపెట్టగలిగే చుక్కలైతే ఇక్, అంటే తెల్లచుక్కల జబ్బు. సన్నటి పొడి అద్దినట్టుండి, చేప ఎగరొప్పుతుంటే వెల్వెట్ అనే జబ్బు. అది రెండు మూడు రోజుల్లోనే ట్యాంకు ఖాళీ చేయగలదు, మర్నాటి దాకా ఆగొద్దు. క్లౌన్‌ఫిష్ ఒంటిపై తెల్లటి జిగురు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి కావచ్చు, దానికి కాపర్ పనిచేయదు.

ఇక్ చుక్కలు వారంలోపే మాయమవుతాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే. పరాన్నజీవి చేపను వదిలి రాళ్ల మీద, ఇసుకలో తిత్తి కట్టుకుంటుంది. అది పగిలితే వందల పిల్లలు చేపల కోసం బయల్దేరతాయి. అందుకే చేపలన్నిటినీ విడి ట్యాంకుకు మార్చి, పెద్ద ట్యాంకును 76 రోజులు చేపల్లేకుండా ఉంచాలి. కాపర్ మందు పెద్ద ట్యాంకులో వేయనే వద్దు: రొయ్యలు, పగడాలు చస్తాయి, రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి.

విడి ట్యాంకులో కాపర్ మోతాదు కొలవడం 5వ పాఠంలో. ఈలోగా కాపర్ టెస్ట్ కిట్ తెచ్చిపెట్టుకోండి.